స్కాలర్‌షిప్ అని పేరు లేని స్కాలర్‌షిప్‌లు: పర్యావరణ ఇంజినీరింగ్ పై చదువులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇద్దరు స్నేహితులకు ఒకే వారంలో అడ్మిషన్ లెటర్లు వచ్చాయనుకుందాం. ఇద్దరిదీ పర్యావరణ ఇంజినీరింగే. ఒకరి లెటర్‌లో పైనే పెద్దగా 'మీకు 10,000 డాలర్ల స్కాలర్‌షిప్ మంజూరైంది' అని ఉంది. ఇంకొకరి లెటర్‌లో స్కాలర్‌షిప్ అన్న మాటే లేదు. రెండో పేజీలో ఎక్కడో 'రీసెర్చ్ అసిస్టెంట్‌గా వారానికి 20 గంటలు, ట్యూషన్ ఫీజు మినహాయింపు, నెలనెలా స్టైపెండ్' అని ఒక చిన్న పేరా ఉంది, అంతే. ఇంట్లో సంబరం మాత్రం మొదటి లెటర్‌కే ఎక్కువ జరుగుతుంది. కాగితం మీద లెక్క వేస్తే సంగతి తిరగబడుతుంది. మొదటి విద్యార్థి మిగతా ఫీజు, అద్దె, తిండి ఖర్చులన్నీ సొంతంగా తెచ్చుకోవాలి. రెండో విద్యార్థి ఫీజు కట్టక్కర్లేదు, పైగా నెల గడవడానికి డబ్బు చేతికి వస్తుంది.

ఈ రంగంలో ఎంఎస్, పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు మొదట చేసే పని 'స్కాలర్‌షిప్' అని వెతకడం. అలా దొరికేది అసలు ఉన్న డబ్బులో చిన్న ముక్క. పెద్ద భాగం అసిస్టెంట్‌షిప్, ఫెలోషిప్, ప్రాజెక్ట్ పోస్టు, చివరికి మామూలు ఉద్యోగ ప్రకటన లాంటి పేర్లతో తిరుగుతుంటుంది. అందుకే జాబితాలు పోగేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఈ డబ్బు ఎవరిది, దాంతో వాళ్లకు ఏం కావాలి? దీనికి జవాబు దొరికితే ఎవరికి రాయాలి, ఎప్పుడు రాయాలి, ఏం రాయాలి అన్నవి చాలావరకు తేలిపోతాయి.

ప్రొఫెసర్ దగ్గరుండే డబ్బు

అమెరికా, కెనడా లాంటి చోట్ల పీహెచ్‌డీ విద్యార్థుల్లో చాలామందిని పోషించేది రీసెర్చ్ గ్రాంటు. అది ఎలా పుడుతుందో తెలిస్తే సగం అయోమయం పోతుంది.

ఒక ప్రొఫెసర్, మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో మందుల అవశేషాలు ఎంత మిగులుతున్నాయో తేల్చాలని ఒక ప్రభుత్వ సంస్థకు ప్రతిపాదన పంపుతారు. దానికి బడ్జెట్ పట్టిక జతచేస్తారు. అందులో పరికరాలకు ఇంత, రసాయనాలకు ఇంత, ప్రయాణాలకు ఇంత అని రాస్తారు. మధ్యలో ఒక వరుస ఉంటుంది: ఒక విద్యార్థి, మూడేళ్లు, స్టైపెండ్, ఫీజు, ఆరోగ్య బీమా. ప్రతిపాదన పాసైతే ఆ వరుసే మీ స్కాలర్‌షిప్. దాని గురించి ఏ వెబ్‌సైట్‌లోనూ ప్రకటన ఉండకపోవచ్చు.

ఇక్కడ డబ్బిచ్చిన సంస్థకు కావాల్సింది ఫలితాలు. ప్రొఫెసర్ ఏటా రిపోర్టు ఇవ్వాలి. రెండు వారాలకోసారి శుద్ధి కేంద్రానికి వెళ్లి, లోపలికి వచ్చే నీరు, బయటికి పోయే నీరు విడివిడిగా సీసాల్లో పట్టి, ఐస్ పెట్టెలో పెట్టి, పాడవకముందే ల్యాబ్‌కు చేర్చే మనిషి కావాలి. నీటిలోని సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చూసే బీఓడీ పరీక్షకు 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఆగాలి కాబట్టి శాంపిల్ ఏ రోజు తీస్తే ఏ రోజు రీడింగ్ తీసుకోవాలో ముందే లెక్క చూసుకునే మనిషి కావాలి. అలాంటి ప్రొఫెసర్‌కు 'మీ పరిశోధన నన్ను ఎంతో ఆకట్టుకుంది' అని మెయిల్ పెడితే చదివి వదిలేస్తారు. 'ఫలానా పరికరం వాడటం వచ్చు, ఫలానా పరీక్ష ఆరు నెలలు చేశాను, డేటాను పైథాన్‌లో విశ్లేషించగలను, మీ ఫలానా పేపర్‌లో ఈ ప్రశ్న మిగిలిపోయినట్టు నాకు అనిపించింది' అని నాలుగు వాక్యాలు రాస్తే జవాబు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఎందుకంటే బడ్జెట్‌లో ఆ వరుసకు సరిపోయే మనిషి దొరక్కపోతే ఇబ్బంది వాళ్లకే.

గ్రాంటు డబ్బు ఎటు ప్రవహిస్తుందో ముందే పసిగట్టడానికి ఒక దారి ఉంది. కొత్త నియమం ఎక్కడ వచ్చిందో చూడాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2024 ఏప్రిల్‌లో తాగునీటిలో పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ అనే రెండు పీఫాస్ (ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాని) రసాయనాలకు లీటరుకు 4 నానోగ్రాముల చొప్పున పరిమితి పెట్టింది. అంత సూక్ష్మ స్థాయిలో కొలవాలి, తొలగించాలి, తొలగించిన దాన్ని నాశనం చేయాలి. మూడూ కష్టమైన పనులే. ఐరోపా సమాఖ్య అదే ఏడాది పట్టణ మురుగునీటి నియమాలను తిరగరాసింది. పెద్ద శుద్ధి కేంద్రాలు మందుల, సౌందర్య సాధనాల అవశేషాలను కూడా తొలగించాలని, ఆ అదనపు ఖర్చులో కనీసం 80 శాతం ఆ పరిశ్రమలే భరించాలని అందులో ఉంది. ఇలాంటి నియమం వచ్చాక నీటి సంస్థలకు జవాబులు కావాల్సి వస్తుంది, ల్యాబ్‌లకు పని వస్తుంది, విద్యార్థులకు పోస్టులు వస్తాయి. స్కాలర్‌షిప్ జాబితాలు చదివే సమయంలో సగం ఈ వార్తలు చదవడానికి పెట్టినా నష్టం లేదంటాను.

ఈ దారిలో రిస్క్ కూడా ఉంది. గ్రాంటు మూడేళ్లకే ఉంటే పీహెచ్‌డీ ఐదేళ్లు పట్టొచ్చు. ప్రొఫెసర్ వేరే యూనివర్సిటీకి మారిపోవచ్చు. మీకు గాలి కాలుష్యం ఇష్టమైనా గ్రాంటు నేల కాలుష్యం మీద ఉంటే థీసిస్ కూడా దాని మీదే అవుతుంది. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ దగ్గర ఈ బెడద కొంత తక్కువ. అది డిపార్ట్‌మెంట్ డబ్బు. ల్యాబ్ క్లాసులు చూసుకోవాలి, పేపర్లు దిద్దాలి. సబ్జెక్టు ఎంచుకునే స్వేచ్ఛ మిగులుతుంది కానీ సమయం మిగలదు.

ఎంఎస్ వాళ్లకు ఒక మాట సూటిగా చెప్పాలి. కోర్సులు మాత్రమే ఉన్న, థీసిస్ లేని ఎంఎస్‌కు ఈ రకం డబ్బు దొరకడం అరుదు. ఆ విద్యార్థి ల్యాబ్‌లో పని చేయడు కాబట్టి గ్రాంటుకు అతనితో అవసరం లేదు. డబ్బు అత్యవసరమైతే థీసిస్ ఉన్న ప్రోగ్రామే వెతుక్కోవాలి.

చదువే ఉద్యోగమైన చోట

నెదర్లాండ్స్, డెన్మార్క్, స్వీడన్, నార్వేల్లో పీహెచ్‌డీ విద్యార్థి చాలావరకు యూనివర్సిటీ ఉద్యోగి. జీతం, సెలవులు, కాంట్రాక్టు అన్నీ ఉంటాయి. అందుకే అక్కడ వెతకాల్సింది యూనివర్సిటీల ఖాళీల పేజీలో. జర్మనీలో కూడా ప్రాజెక్టుల మీద చేరేవాళ్లకు ఉద్యోగ కాంట్రాక్టే ఇస్తారు, కాకపోతే పూర్తి పోస్టు బదులు సగమో, ముప్పావో ఇవ్వడం మామూలు. ఆ శాతం చూడకుండా జీతం అంకె చూసి మురిసిపోకూడదు.

ఐరోపా సమాఖ్య మేరీ క్యూరీ పేరుతో ఇచ్చే డాక్టోరల్ నెట్‌వర్క్ పోస్టుల్లో నీరు, నేల, వాతావరణం మీద పోస్టులు తరచూ కనిపిస్తాయి. వీటిలో ఒక నియమం చాలామందిని తప్పిస్తుంది. చేరడానికి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఆ దేశంలో ఉండి ఉండకూడదు. అంటే ఒక దేశంలో రెండేళ్ల మాస్టర్స్ చేసి అక్కడే ఈ పోస్టుకు అప్లై చేస్తే పనికిరాదు, పక్క దేశంలో పోస్టుకైతే పనికొస్తుంది. మాస్టర్స్‌కు దేశం ఎంచుకునేటప్పుడే ఇది గుర్తుండాలి.

దేశాలు, బ్యాంకులు ఎందుకిస్తాయి?

ప్రభుత్వాలు, అభివృద్ధి బ్యాంకులు ఇచ్చే స్కాలర్‌షిప్‌లది వేరే తర్కం. వాళ్లకు మీ ల్యాబ్ ఫలితాలతో పని లేదు. మీరు చదువుకుని తిరిగి వెళ్లి, అక్కడి నీటి వ్యవస్థలోనో, కాలుష్య నియంత్రణలోనో నిర్ణయాలు తీసుకునే స్థానానికి చేరాలని వాళ్ల కోరిక. నియమాలన్నీ ఆ కోరికలోంచే వచ్చాయి.

బ్రిటన్ 1983లో మొదలుపెట్టిన చీవ్‌నింగ్ ఏడాది మాస్టర్స్‌కు ఇస్తుంది. రెండేళ్ల పని అనుభవం, వాళ్ల లెక్కలో 2,800 గంటలు, ఉండాలి. చదువయ్యాక రెండేళ్ల పాటు స్వదేశంలో ఉండాలి. జర్మనీకి చెందిన డాడ్ (DAAD) సంస్థ ఈపీఓఎస్ (EPOS) పేరుతో అభివృద్ధికి సంబంధించిన కోర్సులకు ఇచ్చేదానిలో కనీసం రెండేళ్ల ఉద్యోగ అనుభవం కావాలి, చివరి డిగ్రీ ఆరేళ్లకన్నా పాతదై ఉండకూడదు. దీనికి దరఖాస్తు డాడ్‌కు కాదు, నేరుగా ఆ కోర్సు నడిపే యూనివర్సిటీకి పంపాలి. జపాన్ డబ్బుతో ప్రపంచ బ్యాంకు 1987 నుంచి నడుపుతున్న స్కాలర్‌షిప్‌కైతే కనీసం మూడేళ్ల అనుభవం కావాలి. ఆసియా అభివృద్ధి బ్యాంకు ద్వారా 1988లో మొదలైన జపాన్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్లు. అంటే డిగ్రీ అయిన మరుసటి నెలలోనే వీటన్నిటికీ అప్లై చేసి రిజెక్ట్ అయితే మార్కుల వల్ల అనుకోనక్కర్లేదు. మధ్యలో ఒక శుద్ధి కేంద్రంలోనో, కన్సల్టెన్సీలోనో, స్వచ్ఛంద సంస్థలోనో రెండేళ్లు పనిచేయడం చాలామందికి వెనకబడిపోవడంలా అనిపించి టెన్షన్ పడతారు. నా దృష్టిలో ఈ రంగంలో ఆ రెండేళ్లే అన్నిటికన్నా విలువైన అర్హత. పంపు ఆగిపోయినప్పుడు ఏమవుతుందో చూసినవాళ్లు రాసే దరఖాస్తు వేరుగా ఉంటుంది.

అనుభవం లేనివాళ్లకు తలుపులు లేవని కాదు. ఐరోపా సమాఖ్య ఇచ్చే ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్ స్కాలర్‌షిప్ ఫీజు భరించి, నెలకు 1,400 యూరోల చొప్పున గరిష్ఠంగా 24 నెలలు ఇస్తుంది. భూగర్భజలాలు, వరద ముంపు నిర్వహణ, పర్యావరణ టెక్నాలజీ లాంటి వాటి మీద రెండు మూడు దేశాల్లో తిరుగుతూ చదివే కోర్సులు దీని కింద నడిచాయి. సెప్టెంబరులో మొదలయ్యే చదువుకు దరఖాస్తు గడువు దాదాపు ఆ ముందు శీతాకాలంలోనే ముగుస్తుంది. జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కు రాయబార కార్యాలయం ద్వారా ఒక దారి, యూనివర్సిటీ ద్వారా ఇంకో దారి ఉన్నాయి. ఒకటి మూసుకుపోతే రెండోది మూసుకుపోయినట్టు కాదు.

సొంత పౌరులకే ఇచ్చే డబ్బు కూడా చాలా ఉంది. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్ఎస్ఎఫ్) 1952 నుంచి ఇస్తున్న గ్రాడ్యుయేట్ ఫెలోషిప్‌లో ఏడాదికి 37,000 డాలర్ల స్టైపెండ్, ఐదేళ్ల వ్యవధిలో మూడేళ్ల పాటు వస్తుంది. కానీ అది అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. అంతర్జాతీయ విద్యార్థులు అర్హత నియమాలన్నిటికన్నా ముందు పౌరసత్వం గడి చూడాలి. అలాగే తేదీ చూడాలి. ఈపీఏ 1995లో మొదలుపెట్టిన స్టార్ పథకం కింద పర్యావరణ విద్యార్థులకు ఇచ్చిన ఫెలోషిప్ ఎంతో పేరున్నది. తర్వాత ఆగిపోయింది. పాత జాబితాల్లో మాత్రం ఇంకా బతికే ఉంటుంది.

చిన్న మొత్తాలను చిన్నచూపు చూడకండి

1881లో పుట్టిన అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ లాంటి వృత్తి సంఘాలు ఏటా విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి. వాటి పేర్లే ఒక చిన్న చరిత్ర పుస్తకం. ఏబెల్ వోల్‌మన్ పేరున పీహెచ్‌డీ ఫెలోషిప్ ఉంది. 1919లో లిన్ ఎన్స్‌లో అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి, తాగునీటికి ఎంత క్లోరిన్ కలపాలో లెక్క కట్టే పద్ధతిని స్థిరపరచింది ఆ వోల్‌మనే. థామస్ క్యాంప్ పేరున ఇంకొకటి. నీటిని ఎంత వేగంగా కలియబెడితే మలినాలు ముద్దకడతాయో చెప్పే 'జీ' విలువను ఈ రంగంలో ప్రతి విద్యార్థీ లెక్కిస్తాడు. దాన్ని 1943లో స్టైన్‌తో కలిసి ఇచ్చింది ఆయనే. ఇనుప గొట్టాలను క్లోరైడ్లు, సల్ఫేట్లు ఎలా తినేస్తాయో తేల్చిన లార్సన్ పేరున మరొకటి. పరీక్షల కోసం బట్టీ పట్టిన పేర్లు దరఖాస్తు ఫారం మీద కనపడినప్పుడు మనం ఏ వరసలో నిలబడబోతున్నామో తెలుస్తుంది.

వీటి మొత్తం ఏడాది ఖర్చులో కొంత భాగమే కావొచ్చు. అయినా రెండు కారణాలతో విలువైనవి. ఆ పేరు రెజ్యూమేలో చేరాక తర్వాతి గ్రాంటు, ఉద్యోగం సులువవుతాయి. రెండోది నేరుగా డబ్బు సంగతి. టెక్సాస్‌లోని పబ్లిక్ యూనివర్సిటీలు పోటీ పద్ధతిలో కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చిన విద్యార్థికి, కొన్ని షరతులతో, బయటివాళ్ల ఫీజు బదులు రాష్ట్రవాసుల ఫీజే వేయగలవు. రెండు ఫీజుల మధ్య తేడా ఆ వెయ్యి డాలర్ల కన్నా ఎన్నో రెట్లుంటుంది. అయితే ఈ లెక్కకు యూనివర్సిటీ ఇచ్చిన స్కాలర్‌షిప్పే కావాలి, బయటి సంఘం ఇచ్చింది చెల్లదు. గోరంత మొత్తం కొండంత ఫీజును కదిలించే ఇలాంటి నిబంధనలు ఇంకెక్కడెక్కడ ఉన్నాయో అడిగితేనే తెలుస్తుంది.

దీనికి వ్యతిరేకంగా జరిగేదీ ఉంది. బయటి నుంచి స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే కొన్ని యూనివర్సిటీలు తామిచ్చే సాయాన్ని అంతమేరకు తగ్గించేస్తాయి. తెచ్చుకునే ముందే అడగడం మంచిది.

రోటరీ ఫౌండేషన్ గ్లోబల్ గ్రాంటుల గురించి కూడా చెప్పాలి. కనీస బడ్జెట్ 30,000 డాలర్లు. నీరు-పారిశుద్ధ్యం మొదటి నుంచీ వాళ్ల ప్రాధాన్యాల్లో ఉంది, పర్యావరణాన్ని 2021 నుంచి చేర్చారు. దీనికి ఆన్‌లైన్ ఫారం నింపితే సరిపోదు. స్వదేశంలో ఒక క్లబ్బు, చదవబోయే చోట ఒక క్లబ్బు కలిసి మీ తరఫున నిలబడాలి. మనుషుల్ని కలవాలి, నెలల ముందు నుంచే మాట్లాడాలి. మహిళలకైతే వర్ధమాన దేశాల నుంచి సైన్స్, ఇంజినీరింగ్ పీహెచ్‌డీ చేసేవాళ్ల కోసం 2004 నుంచి 'ఫ్యాకల్టీ ఫర్ ద ఫ్యూచర్' ఫెలోషిప్ ఉంది. ఈ రంగంలో అమ్మాయిలు దీన్ని వదులుకోకూడదు.

పేరుతో వచ్చే చిక్కు

పర్యావరణ ఇంజినీరింగ్‌కు సొంత ఇల్లు చాలా చోట్ల లేదు. ఒక యూనివర్సిటీలో సివిల్ డిపార్ట్‌మెంట్‌లో ఉంటుంది, ఇంకోచోట కెమికల్‌లో, మరోచోట పబ్లిక్ హెల్త్‌లో. పర్యావరణ శాస్త్రమైతే భూగర్భశాస్త్రం, వ్యవసాయం, భూగోళశాస్త్రం మధ్య పంచుకుపోయింది. కాబట్టి 'పర్యావరణం' అన్న మాట లేని స్కాలర్‌షిప్‌లకూ మీరు అర్హులు కావొచ్చు. భారలోహాలను పీల్చే మొక్కల మీద పనిచేసేవారికి వ్యవసాయ నిధులు దొరకొచ్చు. మురుగునీటిలో వైరస్‌లు వెతికేవారికి ఆరోగ్య నిధులు. వెతికేటప్పుడు డిగ్రీ పేరు బదులు సమస్య పేరు వాడితే ఎక్కువ దొరుకుతాయి.

సైన్స్ డిగ్రీతో ఇంజినీరింగ్‌లోకి వచ్చేవాళ్లకు ఇంకో ఖర్చు ఎదురవుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్, డిఫరెన్షియల్ సమీకరణాల లాంటి కోర్సులు ముందు పూర్తి చేయమంటారు. అవి డిగ్రీ లెక్కలోకి రావు, కొన్ని స్కాలర్‌షిప్‌లు వాటికి డబ్బివ్వవు.

దరఖాస్తులో ఒక పేరా

'చిన్నప్పటి నుంచి నాకు ప్రకృతి అంటే ప్రాణం. పెరుగుతున్న కాలుష్యం నన్ను కలచివేస్తోంది. మీ స్కాలర్‌షిప్ నా కలను నిజం చేస్తుంది.' ఇందులో అబద్ధం లేదు. కానీ ఇదే పేరా అదే కట్టలో ఎన్నో దరఖాస్తుల్లో ఉంటుంది.

ఇంకొకటి చూడండి. 'నీటిలో ఫ్లోరైడ్ తీయడానికి వాడే యాక్టివేటెడ్ అల్యూమినా నిండిపోయాక కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ వాడతారు. ఆ కడిగిన నీటిలో ఫ్లోరైడ్ అసలు నీటిలో కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. మా ప్రాజెక్టులో తాగే నీటిని లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపుకు తెచ్చాం, కానీ ఆ కడిగిన నీటిని ఏం చేయాలో తేల్చలేకపోయాం. సున్నంతో అవక్షేపించి చూశాం, ఇంకా చాలా మిగిలింది. నేను చదవాలనుకుంటున్నది ఆ మిగిలిన దాని గురించి.' ఈ మనిషికి పని తెలుసు, ఎక్కడ ఆగిపోయాడో తెలుసు, తర్వాత ఏం కావాలో తెలుసు. గ్రాంటున్న ప్రొఫెసర్‌కు ఈ పేరా ఉన్నదున్నట్టు పంపొచ్చు. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కైతే చివర్లో ఒక వాక్యం చేర్చాలి: తిరిగి వచ్చాక ఎక్కడ, ఏ హోదాలో ఈ పని చేస్తారో.

సిఫార్సు లేఖలకూ ఇదే సూత్రం. రాసేవారికి ఈ పేరాను, గడువు తేదీని కనీసం ఆరు వారాల ముందు ఇవ్వండి. మంచి విద్యార్థి అని రాసే పెద్ద హోదా ఉన్నవారి కన్నా, రాత్రి పదింటిదాకా శాంపిల్స్ నడిపిన సంగతి చూసి రాసేవారి లేఖ బలంగా ఉంటుంది.

లెటర్ వచ్చాక

మొదట్లో చెప్పిన రెండో లెటర్ దగ్గరికి మళ్లీ వద్దాం. అది మంచి లెటరే, కానీ సంతకం పెట్టే ముందు నాలుగు విషయాలు చదవాలి. ట్యూషన్ మినహాయింపు పూర్తిగానా, కొంతా? ట్యూషన్ మాఫీ అయినా 'ఫీజులు' అనే వేరే వరుస మిగిలిపోయి సెమిస్టర్‌కు వందల డాలర్లు తీసుకుపోవచ్చు. ఆరోగ్య బీమా ఎవరు కడతారు? డబ్బు ఎన్నేళ్లకు హామీ, ఏ షరతు మీద కొనసాగుతుంది? పన్ను ఎంత పోతుంది? అమెరికాలో ట్యూషన్‌కు వెళ్లే స్కాలర్‌షిప్ మీద పన్ను ఉండదు కానీ బతకడానికి ఇచ్చే స్టైపెండ్ మీద ఉంటుంది. ఫెలోషిప్ నుంచి కొన్నిసార్లు నెలనెలా పన్ను కోయరు, అప్పుడు ఏడాది చివర ఒక్కసారిగా మీదపడుతుంది.

తొందరపెడితే బెదరొద్దు. అమెరికాలో అనేక గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఒప్పుకున్న తీర్మానం ప్రకారం, ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 లోపు జవాబివ్వాలని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. ఆ లోపు డిపార్ట్‌మెంట్‌కు ఒక మెయిల్ పెట్టి, అన్నిటికన్నా ఎక్కువమంది మర్చిపోయే ప్రశ్న అడగండి: ఈ స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? తొమ్మిదికే అయితే మే చివర్లో డబ్బు ఆగిపోతుంది, అద్దె ఆగదు. శాంపిల్స్ తీయడానికి అసలైన కాలం ఆ వేసవే కాబట్టి ల్యాబ్‌లో పని కూడా ఆగదు. ఆ మూడు నెలలకు గ్రాంటులో ఏర్పాటు ఉందో లేదో ప్రొఫెసర్‌నే అడిగి, జవాబు మెయిల్‌లో వచ్చాక సంతకం పెట్టండి.